ఇన్‌లైన్ సిక్స్ ఎంచుకునేటప్పుడు ముందు చూడవలసింది క్రాంకునే

హైదరాబాదు బాలానగర్‌లో నేను పనిచేసే మెషీన్ షాపులో పోయిన నెల ఒకే బల్ల మీద రెండు క్రాంకు షాఫ్టులు (పిస్టన్ల పైకీ కిందికీ కదలికను చుట్టుగా మార్చే ఇరుసులు) పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి టాటా 697 లారీ ఇంజిన్‌ది, గ్రైండింగుకు వచ్చింది. రెండోది నేనూ, నా మిత్రులిద్దరూ కలిసి డ్రాగ్ రేసింగు (నిలబడ్డ చోటి నుంచి తిన్నగా 400 మీటర్ల పరుగు) కోసం కడుతున్న టొయోటా 2జేజెడ్ ఇంజిన్‌ది. 697 అన్న పేరులోని 6 సిలిండర్ల సంఖ్య, 97 మిల్లీమీటర్లలో బోరు, అంటే సిలిండరు లోపలి వ్యాసం. స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 128 మి.మీ., మొత్తం 5,675 సి.సి. 2జేజెడ్‌లో బోరు, స్ట్రోకు రెండూ 86 మి.మీ., మొత్తం 2,997 సి.సి. పరిమాణంలో ఎంత తేడా ఉన్నా రెండింటి అమరిక ఒక్కటే: క్రాంకును బ్లాకులో పట్టి ఉంచే ఏడు మెయిన్ బేరింగులు, 120 డిగ్రీల ఎడంతో జతలు జతలుగా అమరిన ఆరు క్రాంకు పిన్నులు. లారీలూ బస్సులూ దశాబ్దాలుగా ఈ నగరపు షాపులకు ఇటువంటి ఇంజిన్లను పంపుతూనే ఉన్నాయి కాబట్టి, ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో ఉండే ఇన్‌లైన్ సిక్స్ మన మేస్త్రీలకు కొత్త కాదు. కొత్తదల్లా వేగం. 697 నిమిషానికి 2,800 చుట్లు తిరిగేటప్పుడు పిస్టన్ సగటు వేగం సెకనుకు 12 మీటర్లకు కొంచెం తక్కువ. 2జేజెడ్‌ను 8,000 చుట్లు తిప్పితే అది దాదాపు 23 మీటర్లు. ఆ తేడాయే మా పనినంతా నిర్ణయిస్తుంది.

ఈ షాపుకు వచ్చే కుర్రవాళ్ళు చాలామంది ఇంజిన్ పేరు చెప్పి, అది ఎన్ని హార్స్‌పవర్ తట్టుకుంటుందని అడుగుతారు. ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు గానీ, ఇన్‌లైన్ సిక్స్ విషయంలో దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉందని నా అభిప్రాయం: ఈ క్రాంకు ఎంత పొడవు, దాన్ని ఎన్ని చోట్ల పట్టి ఉంచారు, దాని మెలికను ఏది ఆపుతుంది, ఆ మెలిక వచ్చినప్పుడు ముందుగా విరిగేది ఏది? ఈ నాలుగింటికీ జవాబు తెలిస్తే ఏ ఇంజిన్ కొనాలో, డబ్బు మొదట ఎక్కడ పెట్టాలో రెండూ తేలిపోతాయి.

ఆరు సిలిండర్లను ఒకే వరుసలో పెట్టడం వల్ల వచ్చే లాభం నిజంగా గొప్పది. ఒకటో, ఆరో పిస్టన్లు కలిసి పైకి వస్తాయి. రెండు, ఐదు కలిసి. మూడు, నాలుగు కలిసి. ముందు సగానికి వెనుక సగం అద్దంలో ప్రతిబింబంలా ఉండటం వల్ల పిస్టన్ల కదలికతో పుట్టే బలాలూ, ఇంజిన్‌ను ముందుకూ వెనక్కూ ఊపే బలయుగ్మాలూ ప్రథమ, ద్వితీయ స్థాయిల్లో పూర్తిగా రద్దవుతాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో మిగిలిపోయే ఆ ద్వితీయ స్థాయి అదురు ఇందులో ఉండదు, బ్యాలెన్స్ షాఫ్టులతో పని లేదు. రెండో లాభం టర్బో (ఎగ్జాస్టు వాయువుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే యంత్రం) పెట్టేవారికి మరీ ముఖ్యం. 1-5-3-6-2-4 అన్న ఫైరింగ్ ఆర్డరును (సిలిండర్లు మండే వరుసను) చూడండి: ముందున్న మూడు సిలిండర్లలో ఒకటి, వెనుకనున్న మూడింటిలో ఒకటి చొప్పున వంతులవారీగా మండుతాయి. అందువల్ల ఎగ్జాస్టు పైపులను ముందు మూడు ఒక గుంపుగా, వెనుక మూడు మరొక గుంపుగా కలిపితే, ఒక్కో గుంపులో 240 డిగ్రీలకు ఒక దెబ్బ చొప్పున సమానమైన ఎడంతో టర్బైనును తాకుతుంది. ఒక సిలిండరు వదిలిన వాయువు పక్క సిలిండరులోకి వెనుదిరగదు. రెండు మార్గాలున్న ట్విన్ స్క్రోల్ టర్బో కోసమే పుట్టినట్టుంటుంది ఈ అమరిక.

నష్టమంతా పొడవులోనే ఉంది. తడి పంచెను రెండు చివరలా పట్టుకుని పిండినట్టు, ప్రతి పేలుడూ క్రాంకును కొంచెం మెలిపెట్టి వదులుతుంది. చుట్టుకు మూడు పేలుళ్ళ లెక్కన 8,000 చుట్ల దగ్గర సెకనుకు 400 దెబ్బలు. ఏదో ఒక వేగం దగ్గర ఈ దెబ్బల సంఖ్యో, దాని గుణిజమో క్రాంకు తనంతట తాను ఊగే సహజ కంపన సంఖ్యతో కలుస్తుంది, అక్కడ మెలిక ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫ్లైవీల్ ఉన్న వెనుక చివర బరువుగా, నిలకడగా ఉంటుంది కాబట్టి ఎక్కువగా కొట్టుకునేది ముందు చివర. దురదృష్టవశాత్తూ చాలా ఇంజిన్లలో ఆయిల్ పంపును తిప్పేది ఆ ముందు చివరే. ఇన్‌లైన్ సిక్స్‌లో ఆయిల్ పంపు గేర్లు పగిలిన కథలు అంత తరచుగా వినిపించడానికి కారణం ఇదే. పంపు నాసిరకమనో, నూనె సరైనది కాదనో అనుకుంటారు గానీ, అసలు దెబ్బ క్రాంకు కొన నుంచి వస్తున్నదని గుర్తించేవారు తక్కువ.

ఇక ఎంపిక. 2జేజెడ్ గురించి ఇంతకుముందే ఎంతో రాశారు కాబట్టి క్లుప్తంగా చెప్పడం న్యాయమే అయినా, దాని పేరు అంతగా వినిపించడానికి గల కారణాలను క్రాంకు వైపు నుంచి చెప్పినవారు తక్కువ. 1991లో అరిస్టో కారుతో వచ్చి, 1993 నుంచి సుప్రాలో ప్రపంచానికి పరిచయమైన 2జేజెడ్-జీటీఈ బ్లాకు పోత ఇనుముతో చేసినది. సిలిండర్ల చుట్టూ నీరు తిరిగే ఖాళీ పైభాగాన మూసి ఉంటుంది, కాబట్టి సిలిండరు గోడలు పై అంచు దగ్గర ఊగవు. క్రాంకు ఫోర్జింగు చేసిన ఉక్కు. మెయిన్ బేరింగులో తిరిగే భాగం, అంటే మెయిన్ జర్నల్, వ్యాసం 62 మి.మీ., రాడ్ జర్నల్ (క్రాంకు పిన్ను) 52 మి.మీ.; 43 మి.మీ. క్రాంకు వ్యాసార్ధంతో పోలిస్తే ఈ రెండు జర్నళ్ళు ఒకదానిపై ఒకటి 14 మి.మీ. మేర అతివ్యాపిస్తాయి, ఆ అతివ్యాప్తిలోనే క్రాంకు బిగువు ఉంది. పిస్టన్ల అడుగున నూనె చిమ్మే జెట్లున్నాయి. జపానులో 280 పీఎస్ అని కాగితం మీద రాసిన ఈ ఇంజిన్, లోపలి భాగాలన్నీ మార్చుకుని, పావు మైలు దూరాన్ని 6 సెకన్ల అంకెల్లో దాటిన కార్లను నడిపిందంటే ఆ మూలాధారమే కారణం.

టర్బో లేని 2జేజెడ్-జీఈ చౌకగా దొరుకుతుంది, మేమూ దానితోనే మొదలుపెట్టాము. అయితే దాని కంప్రెషన్ (పిస్టన్ సిలిండరులోని గాలిని నొక్కే నిష్పత్తి) 10:1, టర్బో ఉన్న జీటీఈది 8.5:1. పిస్టన్ల కింద నూనె జెట్లు ఉండవు. ఎలాగూ పిస్టన్లు మార్చేవారికి కంప్రెషన్ సమస్య కాదు, కానీ జెట్లు లేని బ్లాకులో పిస్టన్ తల వేడిని లెక్కలోకి తీసుకోక తప్పదు. 400 మీటర్ల పరుగు పది సెకన్లలో ముగుస్తుంది కాబట్టి ఆ వేడిని మేము ఒప్పుకున్నాము. అదే బ్లాకును సర్క్యూట్ రేసింగుకు అడిగితే నేను వద్దంటాను. స్ట్రోకు 71.5 మి.మీ. మాత్రమే ఉన్న 2,492 సి.సి. 1జేజెడ్ కూడా మంచిదే. అది ఎక్కువ చుట్లు తిరగగలదు, కాకపోతే అదే టర్బోను తిప్పడానికి దానికి ఇంకొంచెం సమయం కావాలి.

నిస్సాన్ ఆర్‌బీ26డీఈటీటీ మీద నాకు ప్రేమ ఎక్కువ, అందువల్లనే జాగ్రత్త కూడా ఎక్కువ. 1989 నాటి స్కైలైన్ జీటీ-ఆర్ కోసం, గ్రూప్ ఏ రేసింగు నిబంధనలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఇంజిన్ అది. బోరు అదే 86 మి.మీ., స్ట్రోకు 73.7, మొత్తం 2,568 సి.సి.; సిలిండరుకు ఒకటి చొప్పున ఆరు థ్రాటిళ్ళు. 9,000 చుట్ల దగ్గర కూడా పిస్టన్ సగటు వేగం సెకనుకు 22 మీటర్లే, అంటే 8,000 దగ్గరున్న 2జేజెడ్ కంటే తక్కువ. కానీ తొలినాళ్ళ ఆర్32 క్రాంకుల్లో ఆయిల్ పంపును తిప్పే చదును భాగం మరీ పొట్టిగా ఉంటుంది. పంపు లోపలి గేరు పొడి లోహాన్ని అదిమి కాల్చి చేసినది, పెళుసు. చుట్లు హద్దు దాటకుండా ఆపే రెవ్ లిమిటర్ మీద ఇంజిన్‌ను పదే పదే కొట్టినప్పుడు క్రాంకు కొన ముందుకూ వెనక్కూ కొట్టుకుని ఆ గేరును పగులగొడుతుంది. దీనికి తోడు నూనె, సిలిండర్ల పైన బిగించే హెడ్‌లోకి ఎక్కువగా ఎక్కి, తిరిగి కిందికి దిగడానికి ఆలస్యం చేస్తుంది. క్రాంకు కొనకు పొడవాటి కాలరు, ఉక్కు దిమ్మె నుంచి చెక్కిన పంపు గేర్లు, హెడ్‌కు వెళ్ళే దారిలో నూనెను తగ్గించే రెస్ట్రిక్టరు, హెడ్ వెనుక నుంచి అడుగున ఉన్న నూనె తొట్టికి (సంపుకు) అదనపు పైపు: ఇవన్నీ ఆర్‌బీ కొన్నవారు మొదటిరోజే లెక్కలో రాసుకోవలసిన ఖర్చులు. ఆస్ట్రేలియాలో హోల్డెన్ కమోడోర్ వీఎల్‌లో వచ్చిన ఆర్‌బీ30 కింది భాగాన్ని (86, 85 మి.మీ., 2,962 సి.సి.) ఆర్‌బీ26 హెడ్‌తో కలిపే పద్ధతి ఆ దేశంలో పాతబడింది గానీ, మనకు విడిభాగాలు దొరికే తీరును బట్టి నేను దాన్ని సిఫారసు చేయను.

అదే ఆస్ట్రేలియా ఫోర్డ్ బారా గురించి ఒక్కమాట. 3,984 సి.సి., 99.31 మి.మీ. స్ట్రోకు, ఇనుప బ్లాకు. తక్కువ చుట్లలోనే విపరీతమైన టార్కు ఇస్తుంది. దాని ఆయిల్ పంపు గేర్లూ, వాల్వు స్ప్రింగులూ మార్చకుండా బూస్టు (టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడి) పెంచకూడదన్న సంగతి వాళ్ళందరికీ తెలుసు. మళ్ళీ పంపు గేర్లే. అమెరికన్ పాత ఇంజిన్లలో 1960 మోడల్ కార్లతో వచ్చిన క్రైస్లర్ స్లాంట్ సిక్స్‌కు నాలుగే మెయిన్ బేరింగులు, అయినా గట్టిదని పేరు తెచ్చుకుంది. షెవర్లే 250, 292 ఇంజిన్లకు ఏడు బేరింగులున్నా, ఇన్‌టేక్ పోర్టులు రెండేసి సిలిండర్లకు ఒకటి చొప్పున కలిసి ఉంటాయి, ఇన్‌టేక్ ఎగ్జాస్టు రెండూ ఒకే పక్కన ఉంటాయి. వాటితో రేసు చేసేవారి ఓపికకు నమస్కారం పెట్టి ముందుకు సాగుతాను.

హైదరాబాదులో ఉన్నవారికి నేను నిజంగా చెప్పదలచుకున్నది బీఎండబ్ల్యూ గురించి. మన రోడ్ల మీద తిరిగే పెట్రోలు ఇన్‌లైన్ సిక్స్‌లలో మనలాంటివారికి కాస్త అందుబాటులో ఉన్నది అదే. 2021 నుంచి చెన్నై ఫ్యాక్టరీలో కూర్చుతున్న ఎం340ఐలో బీ58 ఇంజిన్ ఉంటుంది: 82 మి.మీ. బోరు, 94.6 మి.మీ. స్ట్రోకు, 2,998 సి.సి. అల్యూమినియం బ్లాకే అయినా పైభాగం మూసి ఉంటుంది. 2019లో తిరిగి వచ్చిన సుప్రాలో టొయోటా పెట్టుకున్నదీ ఈ ఇంజిన్‌నే. లోపల ముట్టుకోకుండానే పరుగులో దిగాలనుకునేవారికి ఇంతకంటే మంచి ఆరంభం ఈ దేశంలో లేదు. కానీ పాత 5 సిరీస్, 3 సిరీస్ కార్లు ఇప్పుడు చౌకగా వస్తున్నాయని వాటి ఎన్52 ఇంజిన్‌కు టర్బో పెట్టాలనుకునేవారిని మాత్రం ఆపుతాను. దాని బ్లాకు అల్యూమినియం చుట్టూ మెగ్నీషియం పోతతో బరువు తగ్గించడానికి చేసినది, సిలిండరులో ఒత్తిడి రెట్టింపు చేయడానికి కాదు. దానికి ముందు తరం ఎం54లో హెడ్ బోల్టుల మరలు అల్యూమినియం బ్లాకులోంచి ఊడి రావడం, ఎక్కువ చుట్ల దగ్గర ఆయిల్ పంపు నట్టు వదులు కావడం ఇంజిన్ కట్టేవారందరికీ పరిచితమే. మరలకు ఉక్కు ఇన్సర్టులు వేసి, నట్టుకు తీగ కట్టి బంధిస్తే అది ఓ మోస్తరు బూస్టుకు పనికివస్తుంది.

ఇంజిన్ మార్పిడి చేసిన కారు రోడ్డు మీదికి రాకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన ప్రత్యేకతలను మన ఇష్టప్రకారం మార్చడానికి వీల్లేదు. మా కారు వర్క్‌షాపు నుంచి ట్రక్కు మీదే బయలుదేరుతుంది, ట్రక్కు మీదే తిరిగి వస్తుంది. రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మీద పరీక్షించే ఆలోచన ఉన్నవారికి నేను ఏ పనీ చేసిపెట్టను. దేశంలో మోటారు రేసులను పర్యవేక్షించే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ అనుమతి ఉన్న పోటీలోనే పరిగెత్తించాలి.

నిర్మాణంలో మొదటి పని బ్లాకు. హెడ్ బోల్టులు బిగించినప్పుడు సిలిండరు గోడలు కొంచెం వంగుతాయి, బోల్టులు విప్పితే మళ్ళీ గుండ్రమవుతాయి. ఖాళీ బ్లాకును గుండ్రంగా హోన్ చేస్తే (రాపిడి రాళ్ళతో అరగదీసి నునుపు చేస్తే), హెడ్ బిగించాక అది గుండ్రంగా ఉండదు. లారీ ఇంజిన్లకు ఈ తేడాను పట్టించుకోనవసరం లేదు కాబట్టి మన నగరంలో చాలా షాపుల్లో, హోన్ చేసేటప్పుడు హెడ్‌కు బదులు బిగించే టార్క్ ప్లేటు ఉండదు. మేము 50 మి.మీ. మందం ఉన్న ఉక్కు పలకకు 2జేజెడ్ హెడ్‌కున్న 14 బోల్టుల రంధ్రాలూ, ఆరు సిలిండర్ల రంధ్రాలూ వేయించి సొంతంగా చేసుకున్నాము. పరుగులో వాడబోయే గాస్కెటునూ స్టడ్లనూ వాడి, అదే టార్కుకు ప్లేటును బిగించి కొలిస్తే, అంతకుముందు సరిగ్గా ఉన్నాయనుకున్న బోర్లలో 0.02 మి.మీ. వరకు కోలతనం కనిపించింది. రింగుకూ గోడకూ మధ్య ఆ సందులోంచి ఎంత ఒత్తిడి కిందికి జారిపోతుందో ఊహించుకుంటే, ప్లేటు మీద పెట్టిన డబ్బు కంటే న్యాయమైన ఖర్చు ఈ కట్టుబడిలో మరొకటి లేదు. మెయిన్ బేరింగు బోల్టుల స్థానంలో స్టడ్లు వేసినా ఇదే సంగతి: బిగింపు బలం మారితే క్యాపుల ఆకారం మారుతుంది, ఏడు బేరింగు గూళ్ళనూ ఒకే గీతలోకి తెస్తూ మళ్ళీ లైన్ హోనింగు చేయించాలి. పొడవైన క్రాంకు వంకర గూళ్ళలో తిరిగితే మధ్య బేరింగు ముందుగా పోతుంది.

బేరింగు క్లియరెన్సుకు పాత పద్ధతి ఒకటుంది: జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు. 62 మి.మీ. జర్నల్‌కు అది 0.06 మి.మీ. అవుతుంది, రేసు ఇంజిన్‌కు దాదాపు సరిపోయే అంకె. అసలు కష్టం ఆ అంకెను నమ్మకంగా కొలవడంలో ఉంది. కొలత పరికరాలను 20 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచూసి ఉంచుతారు. మే నెలలో రేకుల కప్పు కింద మా షాపు 40 దాటుతుంది. బ్లాకూ క్రాంకూ రెండూ ఒకే వేడిలో ఉంటే రెండూ కలిసే వ్యాకోచిస్తాయి కాబట్టి ఇబ్బంది తక్కువ. కానీ ఒకటి కడిగి ఎండలో ఆరబెట్టి, మరొకటి నీడలో ఉంచి, పది డిగ్రీల తేడాతో కొలిస్తే 62 మి.మీ. ఉక్కులో 0.007 మి.మీ. తప్పు వస్తుంది. అంటే కావలసిన క్లియరెన్సులో పదో వంతు కంటే ఎక్కువ. అందుకే మేము ముందురోజు రాత్రి క్రాంకు, బ్లాకు, మైక్రోమీటరు, బోరు గేజి అన్నింటినీ ఒకే గదిలో ఉంచి, తెల్లవారగానే కొలుస్తాము. ఒకరు కొలిచిన అంకెను రెండోవారికి చెప్పకుండా వారితోనూ కొలిపిస్తాము.

పిస్టన్ల లోహాల్లో రెండు ఎంపికలు ఉన్నాయి. సిలికాన్ ఎక్కువగా ఉన్న 4032 తక్కువ వ్యాకోచిస్తుంది, చల్లగా ఉన్నప్పుడు శబ్దం చేయదు. సిలికాన్ దాదాపు లేని 2618 ఎక్కువ వ్యాకోచిస్తుంది, గోడకు ఎక్కువ ఎడం కావాలి, కానీ నాకింగు (ఇంధనం అదుపు తప్పి పేలడం) దెబ్బకు పెళుసుగా పగలదు. ఎక్కువ బూస్టు పెట్టే డ్రాగ్ ఇంజిన్‌కు నేను రెండోదే వాడతాను. 86 మి.మీ. బోరులో పై రింగు చివరల మధ్య ఎడం 0.5 మి.మీ. దగ్గర ఉంచుతాము. ఎడం ఎక్కువైతే కొంచెం ఒత్తిడి పోతుంది, తక్కువైతే వేడికి చివరలు ఒకదానికొకటి తగిలి పిస్టన్ అంచునే పీకేస్తాయి. ఈ రెండు తప్పుల్లో ఏది చేయాలో సులభంగా తేల్చుకోవచ్చు.

కనెక్టింగ్ రాడ్ బోల్టుల దగ్గర అంకెలు భయపెడతాయి. 2జేజెడ్ రాడ్ పొడవు 142 మి.మీ. 8,000 చుట్ల దగ్గర పిస్టన్ పై కొనకు చేరి వెనుదిరిగే క్షణంలో దాని త్వరణం గురుత్వాకర్షణకు సుమారు 4,000 రెట్లు. పిస్టన్, పిన్ను, రింగులు, రాడ్ పై భాగం కలిసి 600 గ్రాములనుకుంటే ఆ క్షణంలో రాడ్‌ను లాగే బలం దాదాపు 2.4 టన్నులు. 9,000కు వెళితే ఇది 27 శాతం పెరుగుతుంది. వెయ్యి చుట్లు పెంచుదామని ఎవరైనా తేలిగ్గా అన్నప్పుడు నేను ఈ లెక్క చూపిస్తాను. అందువల్ల ఈ బోల్టులను టార్క్ రెంచితో బిగించి వదిలేయకూడదు. బిగించక ముందు, బిగించాక బోల్టు పొడవును కొలిచి, తయారీదారు చెప్పినంత సాగిందో లేదో చూడాలి. మరల మీద నూనె కొంచెం తేడాగా ఉన్నా టార్కు అంకె అబద్ధం చెబుతుంది.

ఇప్పుడు డంపర్ గురించి. మా మొదటి ఇంజిన్‌ను చంపింది అదే, అది పూర్తిగా నా తప్పే. క్రాంకు ముందు కొనకు బిగించే పుల్లీలో లోపలి భాగానికీ బయటి ఇనుప వలయానికీ మధ్య రబ్బరు పొర ఉంటుంది. క్రాంకు మెలిపడినప్పుడు ఆ వలయం వెనుకబడి మెలికను మింగేస్తుంది. పాత ఇంజిన్‌తో వచ్చిన డంపర్ చూడటానికి బాగానే ఉందని, కొత్తదానికి అయ్యే ఖర్చు ఇంజెక్టర్లకు వాడుదామని నేనే చెప్పాను. రబ్బరు ఎండిపోయి, బయటి వలయం కొద్దిగా జారి ఉంది. నిప్పురవ్వ ఎప్పుడు పడుతుందో చూసుకునే టైమింగు గుర్తు ఆ వలయం మీదే ఉంటుంది. ఇంజిన్‌ను నడిపే కంప్యూటరైన కొత్త ఈసీయూను ఇంజిన్‌తో జత చేసేటప్పుడు టైమింగు లైటు వేసి చూస్తే గుర్తు 10 డిగ్రీలు చూపింది, మేము దాన్ని నమ్మాము. నిజానికి నిప్పురవ్వ 16 డిగ్రీల ముందే పడుతున్నది. బూస్టు తక్కువగా ఉన్నంతసేపు ఏమీ తెలియలేదు. పూర్తి బూస్టుతో మూడోసారి పరుగు తీశాక మూడో సిలిండరులో కంప్రెషన్ లేదు. విప్పి చూస్తే పిస్టన్ రింగుల మధ్య అంచు విరిగి ఉంది. మా షాపులో ముప్పై ఏళ్ళకు పైగా లారీ క్రాంకులు చూసిన ఉస్తాద్ ఆ పిస్టన్ వైపు కూడా చూడలేదు. నేరుగా పుల్లీ చేతిలోకి తీసుకుని, “బాబూ, గీ డంపర్ పాతదే పెట్టినవా?” అని అడిగి, వలయానికీ లోపలి భాగానికీ అడ్డంగా సుద్దముక్కతో ఒక గీత గీశాడు. మళ్ళీ బిగించి, మోటారుతో తిప్పి ఆపితే ఆ గీత రెండు ముక్కలయింది.

అప్పటి నుంచి మూడు పనులు తప్పనిసరి చేసుకున్నాము. మొదటిది, డంపర్ కొత్తది, అదీ రేసింగు కోసం చేసినదే కొనాలి. రబ్బరుకు బదులు చిక్కటి సిలికాన్ ద్రవం నింపినదైతే చాలా వేగాల దగ్గర పనిచేస్తుంది. అటువంటివి పెద్ద లారీ ఇంజిన్లకూ ఉంటాయి, వాటిని సుత్తితో కొట్టి ఊడదీయకూడదని, పై తొడుగు సొట్టపడితే లోపలి వలయం బిగుసుకుపోయి డంపర్ వట్టి బరువుగా మిగులుతుందని ఉస్తాద్ ప్రతి కుర్రవాడికీ చెబుతాడు. రెండోది, టైమింగు గుర్తును ఎవరు వేసినా నమ్మకుండా, స్పార్క్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్‌ను ఆపే కడ్డీ బిగించి, క్రాంకును చేత్తో ఒకసారి ఇటు, ఒకసారి అటు తగిలేవరకు తిప్పి, రెండు గుర్తులకు సరిగ్గా మధ్య బిందువునే అసలైన పై స్థానంగా తీసుకోవాలి. మూడోది రెవ్ లిమిటర్. స్పార్కును ఒక్కసారిగా అన్ని సిలిండర్లకూ ఆపి మళ్ళీ ఇచ్చే కట్, క్రాంకు కొనకు సుత్తి దెబ్బ వంటిది. వంతులవారీగా కొద్ది కొద్దిగా ఆపే పద్ధతిని ఈసీయూలో పెట్టుకోవాలి.

ఆయిల్ సంపు విషయంలోనూ పొడవే మళ్ళీ ఎదురవుతుంది. మన మెకానిక్కులు చాంబర్ అనే ఈ తొట్టి ఇన్‌లైన్ సిక్స్‌లో చాలా పొడవు. కారు ఒక జీ (గురుత్వాకర్షణకు సమానమైన) త్వరణంతో బయలుదేరితే లోపలి నూనె ఉపరితలం 45 డిగ్రీలు వాలుతుంది, ఒకటిన్నర జీ అయితే 56 డిగ్రీలు. నూనె అంతా వెనుక గోడ ఎక్కి ఉన్న ఆ రెండు సెకన్లలో పంపు పీల్చే గొట్టం ముందు భాగంలో ఉంటే గాలినే పీలుస్తుంది. 2జేజెడ్‌కు ఏ కారులో వచ్చిందన్న దాన్ని బట్టి సంపు లోతు భాగం వేరు వేరు చోట్ల ఉంటుంది కాబట్టి, డ్రాగ్ కారుకు లోతు వెనుక ఉన్నదే వెతుక్కోవాలి. లోపల అడ్డు పలకలూ, ఒకవైపే తెరుచుకునే తలుపులూ వెల్డింగు చేయించాలి. నూనెను వేరే ట్యాంకులో ఉంచే డ్రై సంపు పెట్టగలిగినవారు పెట్టుకోవచ్చు, మా స్తోమతకు అది అందలేదు.

ఇంజిన్‌ను ట్యూన్ చేసే చోటు కూడా లెక్కలోకి వస్తుంది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడి గాలి పీడనం సుమారు 95 కిలోపాస్కల్స్, అంటే చెన్నై కంటే 6 శాతం తక్కువ. టర్బో లేని ఇంజిన్ అంత శక్తి నేరుగా కోల్పోతుంది. టర్బో ఉన్నది గేజి మీద అదే 2 బార్ చూపించడానికి ఇక్కడ గాలిని 3.1 రెట్లు నొక్కాలి, చెన్నైలో 2.98 రెట్లు చాలు. ఇక్కడ టర్బో ఎక్కువ వేగంగా తిరుగుతున్నదనీ, గాలిని ఎక్కువగా వేడి చేస్తున్నదనీ అర్థం. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు దగ్గరి ట్రాకుకు వెళ్ళేవారు ఇక్కడ తయారుచేసిన మ్యాపునే (ఈసీయూలోని ఇంధనం, స్పార్కు లెక్కల పట్టికనే) నమ్ముకుని దిగకూడదు, అక్కడ గాలి చిక్కన. ఇంధనం కూడా అంతే. నగరంలో కొన్ని బంకుల్లో 100 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది, మేము దాని మీదే ట్యూన్ మొదలుపెట్టాము. శుద్ధమైన పెట్రోలు ఒక పాలు మండడానికి బరువు లెక్కన 14.7 పాళ్ళ గాలి కావాలి, ఇథనాల్‌కు 9. ఇథనాల్ పాలు పెంచాలనుకుంటే ఇంజెక్టర్లూ, పంపూ ఆ మేరకు పెద్దవి కావాలి, ఎంత శాతం ఉందో కొలిచే సెన్సరు తప్పనిసరి. ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ గాలిని చల్లబరిచే గుణం మన వేసవిలో నిజంగా పనికివస్తుంది.

రెండో ఇంజిన్ ఇప్పుడు స్టాండు మీద ఉంది. స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం ఆపి, గేజి మీద ఆయిల్ ప్రెషర్ నిలకడగా కనిపించేవరకు స్టార్టరుతో తిప్పుతాము. బేరింగులు పొడిగా తిరిగే మొదటి కొద్ది సెకన్లే వాటి ఆయుష్షును తగ్గిస్తాయి. ఆ తరువాత ఇరవై నిమిషాలు బూస్టు లేకుండా నడిపి, ఆపి, ఫిల్టరును కోసి, మడతలు విప్పి, వెలుతురులో పరిచి చూడాలి. అయస్కాంతం తిప్పితే అంటుకునేది ఉక్కు రజను, కొత్త రింగులు కూర్చునేటప్పుడు అది కొంచెం రావడం సహజం. అయస్కాంతానికి అంటకుండా మడతల్లో సన్నగా మెరిసేది బేరింగు పూత. అది కనిపిస్తే, ఎంత రాత్రయినా, ఇంజిన్ మళ్ళీ విప్పుతాము.